నరహరి మిగిల్చిన నాలుగు స్క్రూలు

మా నరహరి ముప్పై ఒక్క ఏళ్ళుగా సిద్దిపేటలో రిపేరు పని చేస్తున్నాడు. ఇన్నేళ్ళలో అతని చేతిలో పడ్డ వస్తువేదీ బాగుపడకుండా వెనక్కి పోలేదు. తన స్క్రూలన్నిటితో వెనక్కి పోయిన వస్తువు కూడా లేదు.

విప్పినప్పుడు పదహారు స్క్రూలుంటే బిగించేటప్పటికి పన్నెండే పడతాయి. మిగిలిన నాలుగూ బల్ల చివరనున్న ఊరగాయ సీసాలోకి పోతాయి. అదేమిటని అడిగితే అతని జవాబు ఎప్పుడూ ఒకటే.

“కంపెనోళ్ళకు ధైర్యం ఉండదు బావా. ఊడిపోతదేమోనని నాలుగు ఎక్కువ పెడ్తరు. మనకు చేతిమీద నమ్మకం ఉన్నది.”

ఆ నమ్మకంతో సీసా మెడదాకా నిండింది.

అతని తండ్రి బాలనర్సయ్యకు ఆ సీసా అంటే ఒళ్ళుమంట. ఆయన పాతకాలపు నేతగాడు. మధ్యలో కొన్నేళ్ళు భివండిలో పవర్‌లూముల దగ్గర పనిచేసి వచ్చాడు. ఇప్పుడు పొద్దున్నే వచ్చి కొడుకు షాపులో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు, పర్యవేక్షణకు.

“నేను ఎన్నడన్నా చీరెల పోగు ఎక్కువైందని ఇంటికి తెచ్చిన్నారా? పోగు మిగిలిందంటే బట్టల ఏడనో సందు పడ్డట్టే.”

“అది చీరె నాయినా. ఇది ఎలక్ట్రానిక్స్.”

“గందుకే నా కాడికి మళ్ల కొత్త చీరె కోసం వచ్చేటోళ్ళు. నీ కాడికి మళ్ల రిపేరు కోసం వస్తరు.”

నాది పక్క షట్టరు, జిరాక్స్ షాపు. మాకు చుట్టరికమేమీ లేదు. గోడ ఒకటే కాబట్టి అతనికి నేను బావను, అతని భార్య సంధ్యకు అన్నను. ఈ తండ్రీకొడుకుల సంవాదం రోజూ ఉచితంగా వింటుంటాను.

నరహరి షాపు మీద ఒక బోర్డు ఉంది: ‘నరహరి ఎలక్ట్రానిక్స్, వీడియో స్పెషలిస్ట్’. ఎర్ర రంగుతో అతనే రాసుకున్నాడు. ‘స్పె’ దగ్గర ఉత్సాహం ఎక్కువై, ‘లిస్ట్’ దగ్గర జాగా తక్కువైంది. ఆ చెక్క మాత్రం మామూలుది కాదు. కొడుకు షాపు పెడతానన్నప్పుడు బాలనర్సయ్య తన రెండు మగ్గాల్లో ఒకదాన్ని విప్పేసి, “మగ్గమైతే నడుస్తలేదు, నీ పేరన్న మోయనియ్యి” అని దాని చెక్క ఇచ్చాడు.

ఆ బోర్డుకు ఒక వెలుగు వెలిగిన కాలం ఉండేది. ఆదివారం పూట చింతమడక నుంచి ఆటో పంపించి మరీ నరహరిని తీసుకుపోయేవారు, యాంటెనా తిప్పడానికి. అతను డాబా మీద నుంచి “వచ్చిందా?” అని అరిచేవాడు. “వచ్చింది! పోయింది! ఆఁ, ఉంచు, ఉంచు!” అని కింద ఊరంతా అరిచేది. తర్వాత టీవీలు పలచబడి క్యాలెండర్లలా గోడకు తగులుకున్నాయి. నరహరి మిక్సీలకూ రిమోట్లకూ దిగాడు. వీడియో పోయింది, స్పెషలిస్టు మిగిలాడు. పదిహేనేళ్ళుగా వీడియో పని ఎవరూ తేలేదు. చివరికి అల్లుడు తెచ్చాడు.

కూతురు సంహిత పెళ్ళి వైశాఖంలో అయింది. అల్లుడు భానుప్రకాశ్‌ది గజ్వేల్, ఉద్యోగం హైదరాబాదులో, కంప్యూటర్ల మీద. అతను రెండో తరగతిలో ఉన్నప్పుడు వాళ్ళ నాన్న దుబాయ్ నుంచి ఒక గేమ్ డబ్బా తెచ్చాడు. టీవీకి తగిలించి ఆడుకునేది. పాతికేళ్ళకు దాని ప్లాస్టిక్ పసుపు రాసినట్టు అయింది. పెళ్ళి సామాన్లు సర్దేటప్పుడు ఒక మూల పగిలింది కూడా. జ్యేష్ఠంలో ఒకరోజు దాన్ని గుడ్డలో చుట్టుకుని షాపుకు తెచ్చాడు.

“మామయ్యా, లోపలంతా మంచిగనే పనిచేస్తది. పై డబ్బనే పగిలింది. దీనికి సరిపడే కొత్తది తెప్పించిన. జర మారుస్తరా?”

అల్లుడు అడిగింది అంతే. నరహరి జవాబు మాత్రం నలుగురూ ఉండగా, నాలుగిళ్ళకు వినపడేలా వచ్చింది.

“మార్చుడేంది భాను బాబూ! శ్రావణం వచ్చేలోపల దీన్ని కొత్త పెండ్లికొడుకును చేసి మీ చేతుల పెడ్త. పెట్టకపోతే ఆ బోర్డు నా చేత్తోనే దించుత.”

బోర్డు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఒట్టు వెయ్యమని ఎవరూ బతిమిలాడలేదు. కొందరు అడక్కుండా సలహాలిస్తారు, మా నరహరి అడక్కుండా శపథాలు చేస్తాడు.

కొత్త డబ్బా అద్దంలాంటిది, లోపలిదంతా కనపడుతుంది. నరహరి ఆ రోజే ఆపరేషను మొదలుపెట్టాడు. టార్చి నేనే పట్టుకున్నాను. పాత డబ్బా విప్పితే లోపల సర్క్యూట్ బోర్డు మీద బొక్కలు బొక్కలుగా ఉన్న ఒక తెల్లటి రేకు, నాలుగు మూలలా నాలుగు స్క్రూలతో బిగించి ఉంది.

“చూసినవా బావా, కంపెనోళ్ళ తెలివి? అద్దమసుంటి డబ్బ తొడిగి లోపట రేకు చూపిస్తరట. పెండ్లికొడుకుకు సూటు కుట్టిచ్చి మీదికెల్లి గొంగడి కప్పినట్టు.”

రేకు చెత్తబుట్టలోకి పోయింది. నాలుగు స్క్రూలు సీసాలోకి పోయాయి. “అది ఎందుకున్నదో...” అని నేను నసిగాను కానీ గట్టిగా అనలేదు. నాకు తెలిసిన విద్య ఇరుక్కున్న కాగితం లాగడం వరకే.

ఇంతలో ఆషాఢం వచ్చింది. ఆ నెలంతా కొత్త కోడలు పుట్టింట్లో ఉండాలి. అత్తా అల్లుడూ ఒకే గడప దాటకూడదు. సంహిత సిద్దిపేటకు వచ్చేసింది. మొదటి ఆదివారమే భానుప్రకాశ్ కూడా బస్సు దిగాడు.

“డబ్బ ఎట్లున్నదో చూసి పోదామని వచ్చిన మామయ్యా” అంటూ రోడ్డు మీదే నిలబడ్డాడు. చూపు మాత్రం డబ్బా మీద లేదు. షాపు వెనకే ఇల్లు, మధ్యలో ఒక తెర ఉంది. చూపు ఆ తెర మీద ఉంది.

అల్లుడిని లోపలికి రమ్మనాలా, రోడ్డు మీదే ఉంచాలా? నరహరి చెమటలు తుడుచుకున్నాడు. తీర్పు బాలనర్సయ్య ఇచ్చాడు.

“గడప అంటే కట్టెది. పసుపు రాస్తరు, బొట్టు పెడ్తరు. షట్టర్‌కు గడప ఏడుంటదిరా? పొల్లగాన్ని ఎండల నిలబెట్టినవు, కూసోమను.”

అలా ఆ షాపు అత్తగారిల్లు కాదని తేలిపోయింది. సంధ్య ఆ నెలంతా అల్లుడున్నప్పుడు తెర దాటలేదు. చాయ్ సంహితే తెచ్చింది. కప్పు ఆమె చేతిలోంచి అతని చేతిలోకి మారడానికి పావుగంట పట్టింది. ఆ తర్వాత ఖాళీ కప్పు వెనక్కి పోవడానికి ఇంకో అరగంట. చాయ్ ఏ ఉష్ణోగ్రతలో తాగాడో అడగలేదు.

నరహరి మెరిసిపోతున్న అద్దాల డబ్బాను షాపులోని పాత టీవీకి తగిలించి, గొంతు సవరించుకుని, స్విచ్ వేశాడు.

బొమ్మ వచ్చింది. బొమ్మతోపాటు ఏటవాలుగా సన్నటి గీతలు కూడా వచ్చాయి. ఒకదాని వెనక ఒకటి అలల్లా పాకుతున్నాయి. వాటి మధ్య గేమ్‌లోని మనిషి పాపం గెంతుతున్నాడు.

“లోపట వాన పడ్తున్నదా?” అన్నాడు బాలనర్సయ్య.

“ఇంతకు ముందు ఈ గీతలు ఉండెనా భాను బాబూ?”

“లేకుండె మామయ్యా.”

“అయితే ఇది కరెంటు” అని తేల్చేశాడు నరహరి. డబ్బాలోంచి తను తీసేసింది ఏదైనా కారణమేమోనన్న ఆలోచన అతనికి రాలేదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా రానిది ఆ ఒక్క ఆదివారం ఎందుకొస్తుంది?

ఆ వారమంతా విచారణ నడిచింది. ముందు వైరు మార్చాడు. తర్వాత అడాప్టరు మార్చాడు. ఆ పైన టీవీ మార్చాడు. గీతలు మాత్రం మారలేదు. అప్పుడు అతని చూపు గోడ దాటి నా మీద పడింది.

“బావా, నీ మిషిన్ బంద్ చెయ్యి.”

“ఆధార్ కాపీల కోసం నలుగురు ఆడోళ్ళు నిలబడ్డరు నరహరీ!”

“వాళ్ళ ఆధార్ ఏడికి పోదు. నా అల్లుని ముంగట నా ఇజ్జత్ పోతున్నది.”

బంద్ చేశాను. గీతలు అలాగే ఉన్నాయి. నరహరి కాసేపు వాటిని చూసి, “బంద్ చేసినంక కూడ నీ మిషిన్ గుణం కొద్దిసేపు గాలిల ఉంటది” అన్నాడు. ఆ నలుగురు ఆడవాళ్ళూ నా మెషీన్ వంక అదేదో అంటురోగమున్నట్టు చూసి వెళ్ళిపోయారు.

తర్వాత ఎదురుగా ఉన్న టైలర్ బుచ్చిరాములు వంతు వచ్చింది.

“రాములన్నా, నీ మిషిన్ మోటర్ జర ఆపు.”

“నా మిషిన్‌కు మోటర్ ఏడిదిరా? కాళ్ళతోనే తొక్కుతున్న!”

“అయితే కాళ్ళే జర మెల్లగ తొక్కు.”

బుచ్చిరాములు ఏమన్నాడో ఇక్కడ రాయలేను.

ఆ తర్వాత నరహరి సెల్ టవర్ను అనుమానించాడు. రోడ్డు మధ్యలో నిలబడి దాన్ని చాలాసేపు తేరిపార చూశాడు. టవరు కూడా బెదరలేదు. రెండో ఆదివారం వచ్చేసరికి ఏ ముద్దాయీ నేరం ఒప్పుకోలేదు. భానుప్రకాశ్ మాత్రం ఎంతో మర్యాదగా, “గీతలున్నా ఏం కాదు మామయ్యా, ఆట కనపడ్తనే ఉన్నది కద” అన్నాడు. నరహరికి ఆ మాట టవరు కన్నా ఎత్తు నుంచి నెత్తి మీద పడ్డట్టయింది. అల్లుడు తిట్టి ఉంటే ఎదురు తిరిగేవాడు. జాలి పడితే ఏం చేస్తాడు?

మూడో ఆదివారం తెర వెనక నుంచి టిఫిన్ వచ్చింది. జొన్నరొట్టె, కాల్చిన వంకాయ నూరిన తొక్కు. ఒక ముద్ద తినగానే భానుప్రకాశ్ కళ్ళు వెడల్పయ్యాయి.

“అత్తమ్మ తొక్కు మస్తుగున్నది మామయ్యా. ఏడ మాడలేదు, అంతట సమంగ కాలింది.”

“నెల సంది గిట్లనే చేస్తున్నది” అన్నాడు నరహరి వేళ్ళు నాకుతూ. “ముందుగాల ఒక దిక్కు మాడేది, ఒక దిక్కు పచ్చిగుండేది. ఇప్పుడు చెయ్యి తిరిగింది.” నోట్లో తొక్కుతోనే వంగి, మళ్ళీ గీతల మీద యుద్ధానికి దిగాడు.

చివరి ఆదివారం వచ్చింది. గురువారం అమావాస్య. అది దాటితే శ్రావణం, కూతురు అత్తారింటికి, డబ్బా అల్లుడింటికి. పొద్దున పదింటికి నరహరి నా షాపు ముందుకొచ్చి నిలబడ్డాడు. ఎప్పుడూ అరిచే మనిషి మెల్లగా అన్నాడు.

“బావా, పెరట్ల నిచ్చెన ఉన్నది. జర తెచ్చిస్తవా? భాను బస్సు దిగేలోపల బోర్డు దించుత. ఆయన ముంగట దించుడు నాతోని కాదు.”

“ఏదో మాటవరసకు అన్నది...”

“అన్న కద.”

నేను బాలనర్సయ్య వైపు చూశాను. ఈ నెలంతా కొడుకును ఆడిపోసుకున్న మనిషి ఇప్పుడు వీధివైపు మొహం తిప్పుకున్నాడు. “దించినంక ఆ చెక్క నాకియ్యిరా” అన్నాడు. “పీట చేపిచ్చుకుంట.” గొంతు మాత్రం పీట అడిగే గొంతులా లేదు.

పెరట్లోకి వంటింట్లోంచే పోవాలి. పోతూ పోతూ పొయ్యి దగ్గర ఆగిపోయాను. గ్యాస్ మంట మీద ఒక రేకు, దాని మీద రెండు వంకాయలు. రేకు నిండా బొక్కలు. నాలుగు మూలలా నాలుగు స్క్రూ రంధ్రాలు.

“ఏందన్నా గట్ల చూస్తున్నవు? వంకాయ ఎన్నడు చూడలేదా?” అంది సంధ్య.

“వంకాయ సంగతి కాదు చెల్లె. దాని కింద ఉన్నది ఏంది?”

“గదేనా? మీ బావ చెత్తబుట్టల ఏసిండు. చింతపండు పెట్టి తోమితే తళతళ మెరిసింది. ముందుగాల పొయ్యి సందులకెల్లి వంకాయ జారిపోతుండె. ఇప్పుడు దీనిమీద నిమ్మలంగ కాలుతున్నది. మంచిగున్నది కద?”

“చాలా మంచిగున్నది. నీ అల్లుని గేమ్ డబ్బలది అది.”

సంధ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను సంహిత వైపు చూశాను. ఆ పిల్ల కడిగిన బియ్యాన్నే మళ్ళీ కడుగుతోంది.

“నీకు ఎరుకేనా బిడ్డా?”

“రెండో ఆదివారమే ఎరుకైంది మామా. ఫోన్ల చూసిన. ఆ రేకు ఉత్త మూత కాదు. నాలుగు స్క్రూలతోని లోపటి బోర్డుకు ఎర్తు అందుతది. కరెంటుకెల్లి వచ్చే లొల్లి బొమ్మల కలవకుండ గదే అడ్డం. తీసేస్తే గీతలు వస్తయి.”

“మరి మీ బాపుకు చెప్పకపోతివి?”

సంహిత బియ్యం నీళ్ళు వంపింది. తల ఎత్తకుండా అంది, “డబ్బ బాగైతే... మళ్ల ఆదివారం ఆయన ఏమని వస్తడు?”

షట్టరుకు గడప లేదని తాత తీర్పు చెప్పాడు. ఆ తీర్పు నెల పొడుగునా నిలబడేలా మనవరాలు చూసుకుంది.

“మంచిదే బిడ్డా. కాని బయట మీ బాపు బోర్డు దించుతా అంటుండు. నేను వచ్చింది నిచ్చెన కోసమే.”

సంహిత గిన్నె కింద పెట్టేసింది. ఒట్టు సంగతి అందరూ నవ్వులాట అనుకున్నారు, ఆ పిల్లతో సహా. గభాలున పొయ్యి ఆర్పి, రేకును గుడ్డతో పట్టుకుని నీళ్ళ కింద పెట్టింది. అది చుయ్యిమంది. మూలలన్నీ పీచుతో గీకడం మొదలుపెట్టింది. నేను నిచ్చెన తీసుకుని వీలైనంత నెమ్మదిగా నడిచాను. నెమ్మదిగా నడవడానికి నాకు మోకాళ్ళ నొప్పి అనే మంచి కారణం ఎప్పుడూ ఉంటుంది.

నరహరి నిచ్చెనెక్కి ఒక మేకు పీకాడు. బోర్డు ఒకవైపు వంగింది. సరిగ్గా అప్పుడే భానుప్రకాశ్ వచ్చాడు. తెర తీసుకుని సంహిత కూడా వచ్చింది. ఆమె చేతిలో రేకు నీళ్ళోడుతోంది.

“బాపూ, దిగు.”

“గిదేంది?”

“నీ రేకే. డబ్బల పెట్టు, గీతలు పోతయి.”

నరహరి నిచ్చెన మీదే బిగుసుకుపోయాడు. రేకును చూశాడు, దాని మధ్యలో ఇంకా అంటుకుని ఉన్న వంకాయ తొక్కను చూశాడు. “నాకేమెరుక! చెత్తల ఏస్తే పనికిరానిదే అనుకున్న!” అని తెర వెనక నుంచి సంధ్య గొంతు వచ్చింది.

అందరికన్నా ముందు కదిలినవాడు బాలనర్సయ్య. లేచి, ఊరగాయ సీసా తీసుకుని, పేపరు మీద బోర్లించాడు. ముప్పై ఒక్క ఏళ్ళ నమ్మకం గలగలమని రాలింది.

“ఎతుకు. నాలుగు.”

మేము ఐదుగురం చుట్టూ కూర్చుని ఏరాం. పొట్టివి, పొడుగువి, తుప్పు పట్టినవి, ఎవరి మిక్సీవో, ఎవరి టేప్‌రికార్డరువో. చివరికి ఒకే పొడవున్న నాలుగూ దొరికాయి. నరహరి రేకు మూలలు గరుకు కాగితంతో రుద్ది, సర్క్యూట్ బోర్డు మీద పెట్టి, నాలుగూ బిగించాడు. పైన అద్దాల డబ్బా మూశాడు. మూత కాస్త మొరాయించింది కానీ కూర్చుంది. స్విచ్ వేశాడు.

ఒక్క గీత లేదు. గేమ్‌లోని మనిషి నెల తర్వాత పొడి నేల మీద గెంతాడు.

“వాన వెలిసింది” అన్నాడు బాలనర్సయ్య.

నరహరి అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూశాడు. అప్పుడు గొంతు సవరించుకున్నాడు. ఆ చప్పుడు వినగానే నాకు అర్థమైపోయింది.

“ఏం లేదు భాను బాబూ. కొత్త డబ్బల ఏసే ముంగట ఈ రేకును కొన్ని దినాలు సన్న మంట మీద కాల్చాలె. గప్పుడే గట్టిపడ్తది. తొందరపడితే గీతలు వస్తయి. గందుకే నెల ఆగిన.”

బాలనర్సయ్య నోరు తెరిచాడు. మళ్ళీ ఏమనుకున్నాడో మూసేశాడు. భానుప్రకాశ్ మొహంలో నవ్వు ఆనవాలైనా లేదు.

“అవును మామయ్యా. నేను కూడ ఏడనో చదివిన.”

నీళ్ళోడుతున్న రేకును చూసినప్పుడు ఆ కుర్రాడు ఏమాత్రం ఆశ్చర్యపోలేదని నాకప్పుడు గుర్తుకొచ్చింది. ఆ రహస్యం తెలిసింది వంటింట్లో ఒక్కరికే కాదన్నమాట. వీళ్ళిద్దరి సంసారానికి ఢోకా లేదు.

నరహరి మళ్ళీ నిచ్చెనెక్కాడు. పీకిన మేకు తిరిగి కొట్టాడు. దాని పక్కన ఇంకోటి కొట్టాడు. కాసేపు ఆలోచించి మూడోది కూడా కొట్టాడు. ఒక్క మేకు పీకిన చోట మూడు. అచ్చం ధైర్యం లేని కంపెనీవాళ్ళలాగే.

శ్రావణం మొదటి వారంలో అల్లుడు పసుపు రాసిన గడప దాటి, అసలు ఇంట్లోకి అడుగుపెట్టాడు. డబ్బా మెరుస్తోంది. అద్దంలోంచి ఇప్పుడు కనపడేది మసిబారిన రేకు ఒక్కటే. కాసేపు ఆడితే డబ్బా వేడెక్కి, కాల్చిన వంకాయ వాసన కూడా వస్తుందట. సంధ్య నెల రోజుల మర్యాద మొత్తం ఒక్క విస్తట్లో వడ్డించింది. భానుప్రకాశ్ తొక్కు నోట్లో పెట్టుకుని ఆగాడు.

“అత్తమ్మా, బాగనే ఉన్నది గని... అప్పటి లెక్క లేదు.”

సంధ్య నరహరి వైపు చూసింది. నరహరి గోడ వైపు చూశాడు. ఆ గోడకు ఇవతల ఉన్నది నా షాపు.

పిల్లలు హైదరాబాదు వెళ్ళిన వారానికి సంధ్య తొక్కు పంపించింది. అంతటా సమంగా కాలింది. గిన్నె తిరిగివ్వడానికి వెళ్ళినప్పుడు చూశాను, పొయ్యి మీద కొత్త రేకు ఉంది, బొక్కలు బొక్కలుగా. అది ఎవరింటి పెట్టెలోదో, ఇప్పుడు ఎవరి టీవీలో వాన పడుతోందో నేను అడగలేదు. ఆ రోజు నుంచి మాత్రం, మధ్యాహ్నం అన్నానికి పోయేటప్పుడు షట్టరు దించి తాళం వేసుకుంటున్నాను. నా మెషీన్ వెనక మూతకు పద్నాలుగు స్క్రూలున్నాయి. లెక్కపెట్టుకున్నాను.